పటం గీద్దాం – మూడో పాఠం: చింతగింజలతో దూరం

పోయిన పాఠంలో దిక్సూచితో దిక్కు పట్టాం. ఇప్పుడు దూరం.

గొలుసు పరిచి కొలిచే వీలు లేని చోట ఏం చేయాలి? టిబెట్ విషయంలో బ్రిటిష్ ఇండియా సర్వేవాళ్లకు ఇదే చిక్కు వచ్చింది. పరాయివాళ్లను అక్కడ రానిచ్చేవారు కాదు. అందుకే కుమావూ కొండల బడిపంతులు నైన్‌సింగ్ రావత్‌కు సమానమైన అడుగులు వేయడం నేర్పి పంపారు. మామూలు జపమాలకు 108 పూసలుంటే, ఆయన మాలకు 100. వంద అడుగులకొక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు. కొలతల చీటీలు, బౌద్ధులు జపిస్తూ చేత్తో తిప్పే ప్రార్థనా చక్రంలో దాచేవాడు. 1866లో అలాగే లాసా చేరాడు. 1874లో లేహ్ నుంచి మళ్లీ బయల్దేరి, చాంగ్‌తాంగ్ అనే ఎత్తైన చలి ఎడారి దాటాడు.

మనకు పూసలెందుకు, చింతగింజలు చాలు.

ముందు మీ అడుగెంతో తేల్చండి. సుతారి దగ్గర 30 మీటర్ల టేపు అడగండి. పానగల్ చెరువు కట్ట మీద చదునుగా, తిన్నగా ఉన్న చోట నాలుగు టేపులు, అంటే 120 మీటర్లు, గుర్తు పెట్టుకోండి. మూడుసార్లు నడిచి సగటు తీయండి. 160 అడుగులు పడితే అడుగు 75 సెంటీమీటర్లు. ఎవరో చూస్తున్నారని అడుగు సాగదీస్తే లెక్కంతా పాడే. రోజూ కూరగాయలకు పోయే నడకే నడవండి.

వంద అడుగులకొక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. మొదటిసారి నేను గింజల్లేకుండా, దోస్తుతో ముచ్చట పెడుతూ నడిచాను. మూడొందలా నాలుగొందలా తెలియక వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

బాట మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి దిక్కు, గింజలు, మిగులు అడుగులు రాయండి. కాగితం మీద 50 మీటర్లకు ఒక సెంటీమీటరు వేస్తే గింజకు, అంటే 75 మీటర్లకు, ఒకటిన్నర.

లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం ఈ లెక్క నమ్మకండి. ఎక్కుడులో అడుగు కురచవుతుంది. పైగా పటానికి కావాల్సింది అడ్డ దూరం, ఏటవాలు పొడవు కాదు. నైన్‌సింగ్ కూడా అడుగుల మీదే భారం వేయలేదు. సూర్యుడు, చుక్కలు ఎంత ఎత్తులో ఉన్నాయో కోణం కొలిచే సెక్స్‌టెంట్‌ అనే పరికరంతో అక్షాంశం కట్టి సరిచూసుకునేవాడు.

మన దగ్గర సెక్స్‌టెంట్ లేదు కాబట్టి ఊరు చుట్టి బయల్దేరిన చోటికే రండి. గీత కూడా అక్కడికే రావాలి. రాదు. ఎంత ఎడం వచ్చిందో కొలిచి నోటుబుక్కులో రాసుకోండి, చెరపొద్దు. వచ్చే పాఠంలో దాన్ని సర్దుదాం.