వానలో తడవకుండా ఇల్లు చేరడం ఎలా?

దేవరకొండలో బస్సు దిగగానే వాన పట్టుకుంది, ఇల్లు అర కిలోమీటరు దూరంలో ఉందనుకోండి. గొడుగు ఉన్నా చాలామంది నడుము నుంచి కింది దాకా తడిసే ఇల్లు చేరుతారు. గొడుగును నిటారుగా పట్టుకోవడమే దానికి కారణం.

అన్నిటికంటే ముందు ఆకాశం సంగతి. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడు నడక మానండి, పక్కా కట్టడంలోకి వెళ్లండి. చేనుగట్టు మీది వేపచెట్టు కిందికి మాత్రం దయచేసి పోవద్దు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయలుదేరండి.

ఇక గొడుగు. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతుంది. గాలి లేకపోయినా, మీరు గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడుస్తుంటే అది మీకు నిలువు గీత నుంచి 12 డిగ్రీల వాలుతో ఎదురొస్తుంది. గొడుగును అంత మేర ముందుకు వంచండి. అడుగు జోరు పెంచితే వంపూ పెంచాలి. బైకు మీద 40 కిలోమీటర్ల వేగంలో ఆ వాలు 60 డిగ్రీలు, అంటే వాన దాదాపు ఛాతీకే కొడుతుంది. అందుకే జిప్పు మీద అడ్డుపట్టీ ఉన్న రెయిన్‌కోటే కొనండి.

గొడుగు లేకపోతే పరుగెత్తాలా? తల మీద, భుజాల మీద పడే నీళ్లు మీరు వానలో ఉన్న సమయాన్ని బట్టి ఉంటాయి. గాలి లేనప్పుడు ఒంటి ముందు భాగానికి తగిలేవి మాత్రం దూరాన్ని బట్టే. పరుగు మొదటిదాన్నే తగ్గిస్తుంది. వేగంగా నడవండి చాలు, తడిసిన ఎర్రమట్టి బాటలో పరుగెత్తితే జారిపడతారు. గాలి వెనక నుంచి వీస్తుంటే దాని వేగంతోనే నడవండి, ముందూ వెనకా రెండూ తక్కువ తడుస్తాయి.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గొర్రెల కాపరులు కప్పుకునే గొంగడి నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక కొసను మడిచి తల మీదికి కోసుగా లాక్కుంటారు, నీళ్లు ఆ వాలు వెంట జారిపోతాయి. తొలి చినుకులను దగ్గరగా చూడండి: నూగు కొసల మీద జొన్నగింజల్లా నిలబడతాయి, దులిపితే రాలిపోతాయి. ఉన్ని పోగు పైపొర నీటిచుక్కను లోపలికి రానివ్వదు. లోపలి భాగం మాత్రం ఒంటి ఆవిరిని పీల్చుకుంటుంది, తన బరువులో దాదాపు మూడో వంతు దాకా, చేతికి తడి తెలియనివ్వకుండా. ప్లాస్టిక్ కోటులో ఆ ఆవిరికి దారి లేక లోపలే చుక్కలు కడుతుంది, వాన తగలని చొక్కా చెమటకు తడుస్తుంది. రోజంతా ముసురైతే గొంగడీ నీళ్లు తాగి బరువెక్కుతుంది, అయినా వెచ్చదనం పూర్తిగా పోదు.

ఇల్లు చేరాక గొడుగును తడితో ముడిచి మూలన పెట్టకండి, నీడలో తెరిచి ఆరబెట్టండి. గొంగడిని సబ్బుపొడిలో నానబెట్టవద్దు, ఉన్నిలో ఉన్న సహజమైన జిడ్డు పోతుంది. దులిపి, దండెం మీద వేయండి.