ఇసుక ఈగకు మందు ఆరడుగుల లోపే కొట్టాలి

బిహార్ పల్లెల్లో కాలా అజార్‌ను (పరాన్నజీవి వల్ల వచ్చే, జ్వరం వదలని, ప్లీహం వాచే జబ్బు) అంటించే ఇసుక ఈగ దోమలో మూడోవంతు ఉంటుంది, 2–3 మిల్లీమీటర్లు. ఒళ్లంతా నూగు. వాలినప్పుడు కూడా రెక్కలు ‘వి’ ఆకారంలో పైకి లేచే ఉంటాయి. చప్పుడు చేయదు. ఇది నీళ్లలో గుడ్లు పెట్టదు కాబట్టి కాలవల్లో మందు పోయడం దండగ. పశువుల కొట్టంలో తేమ మట్టి, పేడ, మట్టిగోడ పగుళ్లు దీని పుట్టిల్లు. పైకి ఎగరలేదు, గోడ మీద గెంతుకుంటూ పోతుంది. అందుకే నేల నుంచి ఆరడుగుల దాకా కొడితే చాలు. పైకప్పుకు కొట్టే మందు వృథా.

ఏడాదికి రెండు విడతలు: ఫిబ్రవరి–మార్చిలో ఒకటి, జూన్–జూలైలో ఒకటి. ముందు సామాను గోడల నుంచి జరిపి, తిండి, నీళ్లు బయట పెట్టించండి.

ఆల్ఫా సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు 5 శాతం పొడి 125 గ్రాములకు నీళ్లు ఏడున్నర లీటర్లు. పొడిని ఒకేసారి నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. ముందు కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి, గుడ్డతో వడకట్టి పంపులో నింపండి. పొడి అడుక్కి దిగుతుంది కాబట్టి మధ్యమధ్యలో పంపు ఊపుతూ ఉండాలి. లేకపోతే మొదటి ఇంటికి మందు, చివరి ఇంటికి నీళ్లు.

నాజిల్ గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. గోడ మీద ఒక్కసారి కొట్టే పట్టీ వెడల్పు 75 సెంటీమీటర్లు, పక్క పట్టీ దీని మీదికి 5 సెంటీమీటర్లు ఎక్కాలి. గోడ మీద ధారలు కారుతున్నాయంటే చెయ్యి నెమ్మదిగా కదులుతోందనో, నాజిల్ మరీ దగ్గరగా ఉందనో అర్థం. ఒక పంపు మందు 250 చదరపు మీటర్లకు రావాలి. ముందే అయిపోయినా, మిగిలినా మీ వేగం తప్పు.

వంటిల్లు, పూజగది వద్దంటారు చాలామంది. ఆ రెండు గదులు వదిలేస్తే ఈగకు నీడ దొరికినట్టే, ఓపిగ్గా ఒప్పించండి. పశువుల కొట్టం అసలు వదలకూడదు. పంపు కడిగిన నీళ్లు చెరువులో పోస్తే చేపలు చస్తాయి.

పని చెడగొట్టేది ఎక్కువగా అలుకే. మందు కొట్టిన వారానికే గోడకు పేడ, మట్టి పూస్తే మందు దాని కిందికి పోతుంది, ఈగ పైన హాయిగా వాలుతుంది. మూడు నెలలు అలకొద్దని వెళ్లేముందే చెప్పండి. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా ఇది దూరుతుంది. సన్న అల్లిక తెర కావాలి.

బిహార్ పల్లెల నుంచి హైదరాబాద్‌కు పనికొచ్చినవాళ్లకు రెండు వారాలు దాటిన జ్వరం, ఎడమ డొక్కలో గట్టిగా తగిలే ప్లీహం ఉంటే ఆర్‌కె39 అనే కాలా అజార్ రక్తపరీక్ష చేయించండి. అయితే జబ్బు నయమైన చాలాకాలం దాకా ఈ పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది. అంతకుముందు కాలా అజార్‌కు వైద్యం చేయించుకున్నారేమో అడగండి. చేయించుకున్నవాళ్లలో కొందరికి నెలలు, ఏళ్ల తర్వాత ఒంటి మీద పాలిపోయిన మచ్చలు వస్తాయి. స్పర్శ ఉంటుంది, జ్వరం ఉండదు, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈగ మాత్రం ఆ చర్మం నుంచే పరాన్నజీవిని మళ్లీ ఎక్కించుకుంటుంది.