ప్రమాదకర వ్యర్థాలు పొరపాటున మున్సిపల్ డంపింగ్ యార్డుకు వెళ్తే: ఎవరికి చెప్పాలి, ఏ కాగితాలు పెట్టాలి

ఫ్యాక్టరీ షెడ్డు వెనక ఒక పక్క ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) బురద బస్తాలు, ఆయిల్ గుడ్డలు, అడుగున సాల్వెంట్ మిగిలిన డ్రమ్ము ఉంటాయి. ఆ పక్కనే క్యాంటీన్ చెత్త. కొత్తగా చేరిన కుర్రాడు తెలియక అన్నీ కలిపి మున్సిపల్ చెత్త బండికి ఎత్తేస్తాడు. సాయంత్రం స్టాకు చూసుకుంటే గానీ విషయం బయటపడదు. బయటపడ్డాక చాలామంది 'ఎవరికి తెలుస్తుందిలే' అని ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. యార్డులో ఇనుము, ప్లాస్టిక్ ఏరుకునేవాళ్లకు ఖాళీ డ్రమ్ము దొరికితే అది డబ్బే. దాన్ని కడిగి నీళ్లు పట్టుకోవడానికి అమ్ముతారు. కొన్న ఇంటివాళ్లకు అందులో ఏముండేదో ఎలా తెలుస్తుంది?

ఈ పనికంటూ ప్రత్యేకమైన ఒకే దరఖాస్తు లేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల్లోని వేర్వేరు ఫారాలను ఒక వరసలో పెట్టుకోవాలి. ఇవి కేంద్ర నియమాలు కాబట్టి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకటే. మారేది కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ), సరుకు చివరికి చేరాల్సిన చోటు మాత్రమే.

ముందు ఫోన్లు, తర్వాతే కాగితాలు

మొదటి ఫోన్ మున్సిపాలిటీకి. హైదరాబాద్‌లో అయితే మీ సర్కిల్ ఆరోగ్య అధికారి అయిన ఏఎంఓహెచ్‌కి, వేరే ఊళ్లో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి లేదా కమిషనర్ ఆఫీసుకి చేయండి. బండి నంబరు, ఎత్తిన టైము, సరుకు ఏమిటో చెప్పి ఒక్క మాట అడగండి: ఆ లోడు ఇప్పుడు ఎక్కడుంది? హైదరాబాద్‌లో చిన్న బండ్లు ఎత్తిన చెత్త ముందు ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి పెద్ద బండ్లలో డంపింగ్ యార్డు ఉన్న జవహర్‌నగర్‌కి. బస్తాలు ఇంకా ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లోనే, విప్పకుండా ఉంటే మీ అదృష్టం. కాంపాక్టర్‌లో నలిగాక, యార్డులో బుల్డోజర్ తొక్కాక పని పది రెట్లు పెరుగుతుంది. జవహర్‌నగర్‌లో చెత్తతో కరెంటు తీసే ప్లాంటు కూడా ఉంది. క్లోరిన్ ఉన్న సాల్వెంట్ లాంటిది అటు పోకూడదు. అందుకే ఆ లోడు పడిన చోటుకి తాడు కట్టి, మళ్లీ చెత్త పోయకుండా ఆపమని అడగాలి.

రెండో ఫోన్ పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి, వెంటనే ఒక ఈమెయిల్. 22వ నియమం ప్రమాదం జరిగితే ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ వెంటనే చెప్పమంటుంది. రాతపూర్వక నివేదిక (ఫారం 11) ఆ తర్వాత. మంట, పొగ, ఘాటు వాసన ఉంటే వీటన్నిటికంటే ముందు 112.

మీ కూలీలను గ్లవ్స్ ఇచ్చి యార్డుకి పంపి, ఏరుకురమ్మనడం మాత్రం చేయొద్దు. చెత్తలో ఏది దేనితో కలిసిందో మీకు తెలియదు. పైగా మామూలు ట్రాలీలో వెనక్కి తెస్తే అది మ్యానిఫెస్ట్ (సరుకుతో పాటు వెళ్లే రవాణా పత్రం) లేని రవాణా, ఇంకో ఉల్లంఘన.

ఫారం 11 ఎలా రాయాలి

మన పరిస్థితికి సరిపోయే నివేదిక ఇదే. ఎప్పుడు జరిగింది, ఏ వరసలో జరిగింది, వ్యర్థం వివరాలు, ఆరోగ్యం మీద, పర్యావరణం మీద ప్రభావాన్ని ఎప్పుడు అంచనా వేస్తారు, తక్షణం ఏం చేశారు, నష్టం తగ్గించడానికి ఏం చేశారు, మళ్లీ జరగకుండా ఏం చేస్తారు అని అడుగుతుంది.

చాలామంది తేలిగ్గా తీసుకునేది రెండో గడి. 'పొరపాటున జరిగినది' అని ఒక్క ముక్కలో రాస్తే అధికారికి ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: 'ఉదయం 10.30కి షెడ్డు వెనక నుంచి 6 బస్తాల ఈటీపీ బురద, సుమారు 240 కిలోలు, క్యాంటీన్ చెత్తతో కలిపి ఫలానా నంబరు బండికి ఎత్తారు. సాయంత్రం 5 గంటలకు స్టాకు రిజిస్టరుతో పోల్చినప్పుడు తేడా తెలిసింది. 5.20కి మున్సిపాలిటీకి, 5.35కి పీసీబీకి ఫోన్ చేశాం.' తెలియనిది 'తెలియదు' అనే రాయండి. బరువు తగ్గించి రాస్తే, తవ్వి తీసిన రోజు కాటా దగ్గర దొరికిపోతారు.

వ్యర్థం వివరాల్లో ఆ నియమాల షెడ్యూల్ 1 నంబరు వేయాలి. వాడేసిన ఆయిల్ 5.1, రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ములు 33.1, అలాంటి గుడ్డలు 33.2, మురుగునీటి శుద్ధిలో వచ్చే రసాయన బురద 35.3. ఫారంతో పాటు మీ ఆథరైజేషన్ (ప్రమాదకర వ్యర్థాలకు పీసీబీ ఇచ్చిన అనుమతి) కాపీ, ఫారం 3 రిజిస్టరులో (వ్యర్థాల లెక్కల పుస్తకం) ఆ రోజు పేజీ, రసాయనాల సేఫ్టీ డేటా షీట్లు, ఫొటోలు, దొరికితే యార్డు కాటా చీటీ జత చేయండి. కాటా చీటీ మీద బండి నంబరు, టైము ఉంటాయి కాబట్టి లోడు యార్డులో ఏ భాగంలో పడిందో పట్టుకోవడానికి అదే ఆధారం.

వెలికితీతకు అనుమతి లేఖ

ఫారం 11తో పాటే పీసీబీకి, మున్సిపల్ కమిషనర్‌కి వేర్వేరుగా లేఖలు ఇవ్వండి. మున్సిపాలిటీని యార్డులోకి ప్రవేశం, తవ్వకానికి అనుమతి అడగాలి. పీసీబీని తమ అధికారి సమక్షంలో వెలికితీత, నమూనాల పరీక్ష, ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి (టీఎస్‌డీఎఫ్) తరలింపు అడగాలి. తెలంగాణలో అది దుండిగల్‌లో ఉంది, ఆంధ్రలో విశాఖ దగ్గర పరవాడలో ఉంది.

పరిమాణం గురించి ఇక్కడే రాయాలి. మీరు పారేసింది 240 కిలోలే కావచ్చు. దానితో కలిసిన చెత్త, తడిసిన మట్టి కూడా తీయాల్సి వస్తే టన్నుల్లోకి పోతుంది. మీ ఆథరైజేషన్‌లో అంత పరిమాణం ఉండదు. అందుకని ఈ ఒక్కసారికి అదనపు పరిమాణాన్ని అనుమతించమని లేఖలోనే స్పష్టంగా కోరండి.

అసలు ఆథరైజేషనే లేని యూనిట్లూ ఉన్నాయి. భయపడి దాచకండి. ముందు పైన చెప్పినట్టు సమాచారం ఇచ్చి, తర్వాత ఆన్‌లైన్‌లో ఫారం 1 పెట్టుకోండి. దాని మీద నిర్ణయానికి మండలికి 120 రోజుల గడువు ఉంటుంది. వెలికితీత అన్నాళ్లు ఆగకూడదు కాబట్టి విడిగా తక్షణ ఆదేశాలు అడగాలి.

ఏడు రంగుల కాపీలు

తీసిన సరుకు లీకు కాని డ్రమ్ముల్లో నింపి, ఫారం 8 లేబుల్ అంటించి, డ్రైవరుకి ఫారం 9 అత్యవసర కార్డు ఇచ్చి, ఫారం 10 మ్యానిఫెస్ట్‌తో పంపాలి. మ్యానిఫెస్ట్ ఏడు కాపీలు, అన్నిటి మీదా పంపేవారి సంతకం ఉండాలి. తెల్లది మీరు పీసీబీకి పంపాలి. పసుపుది రవాణాదారు సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోవాలి. మిగతా అయిదు బండితో వెళ్తాయి. వాటిలో నీలం కాపీ టీఎస్‌డీఎఫ్ వాళ్ల సంతకంతో మీకు తిరిగి రావాలి. అది రాకపోతే రోజూ ఫోన్ చేసి అడగండి. సరుకు నిజంగా చేరిందనడానికి మీ చేతిలో ఉండే రుజువు అదే.

తవ్వకం, పరీక్షలు, రవాణా, శుద్ధి ఖర్చంతా మీదే. 23వ నియమం ప్రకారం నష్టానికి బాధ్యత కూడా మీదే. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా ఉండొచ్చు.

పని అయ్యాక పీసీబీకి ముగింపు లేఖ ఇవ్వండి: తీసిన బరువు, గుంత అడుగు మట్టి పరీక్ష ఫలితం, నీలం కాపీ జిరాక్సు. ఈ పరిమాణాన్ని ఫారం 3లో ఎక్కించి, జూన్ 30లోపు ఇచ్చే ఫారం 4 వార్షిక నివేదికలోనూ చూపించాలి.