ఎండలూ పరీక్షలూ ఒకేసారి వచ్చే రోజుల్లో జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే తిరుపతి హాస్టళ్లలో వినిపించేవి రెండే మాటలు. ఒకటి "సిలబస్ ఎంతయ్యింది?", రెండోది "కరెంటు ఎప్పుడొస్తుంది?". సెమిస్టర్ పరీక్షలకు తోడు 40 డిగ్రీలు దాటే ఎండ. మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా కత్తిరి ఎండలు మరీ దారుణం.

డిగ్రీ రెండో ఏడు నేను పరీక్ష హాల్లోనే కళ్లు తిరిగి బెంచీ మీద వాలిపోయాను. ముందు రాత్రి నాలుగు టీలు, రెండు గంటల నిద్ర. పొద్దున టిఫిన్ లేదు, రేణిగుంట నుంచి బస్సులో నిలబడే వచ్చాను. హాల్ టికెట్ చెమటకు ముంజేతికి అతుక్కుపోయింది. జవాబు తెలుసు, పెన్ను పట్టుకున్న వేళ్లే వణికాయి. మేడం ఇచ్చిన నీళ్లు తాగి తేరుకునేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. అందుకే ఈ జాగ్రత్తలు పరీక్షలకు ముందు రోజు కాదు, రెండు వారాల ముందే మొదలుపెట్టండి.

దాహమేసేదాకా ఆగొద్దు. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలడం లేదన్నమాట. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద లీటరు నీళ్లకని ఉంటే మొత్తం పొడిని లీటరు నీళ్లలోనే కలపాలి. సగం పొడి గ్లాసులో, సగం రేపటికి అంటే కుదరదు. కలిపింది 24 గంటల్లో తాగేయాలి, మిగిలితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ స్పూను, అదీ తల కొట్టి. షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టరును అడిగి తాగాలి. మామూలు రోజుల్లో ఇంత హంగామా అక్కర్లేదు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు. నన్నారి షర్బత్ నాకూ ఇష్టమే, కానీ బండి మీది ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికి తెలుసు? పరీక్షలయ్యేదాకా ఓర్చుకోండి.

పరీక్ష రోజు పొద్దున పూరీ తింటే హాల్లో కునుకొస్తుంది. ఇడ్లీ అయినా, మజ్జిగ కలిపిన చద్దన్నమైనా హాయి. ఇంటి నుంచి వచ్చేవాళ్లకు రాగి సంగటి ఉండనే ఉంది. మెస్‌లో టెంకాయ చట్నీ మాత్రం వాసన చూసి వేసుకోండి, ఈ ఎండలకు పది గంటలకే పులుస్తుంది.

ఇక నిద్ర. ఈ వయసుకు కనీసం ఏడు గంటలు కావాలి. రాత్రి పదింటికి తాగిన టీలోని కెఫీన్ మూడింటికి కూడా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. చదివింది బుర్రలో నిలబడేది నిద్రలోనే కాబట్టి నైటవుట్ చేస్తే రెండు విధాలా నష్టమే. రూము వేడెక్కి నిద్ర పట్టకపోతే పడుకునే ముందు స్నానం చేసి, తడి తువ్వాలు ఒంటి మీద కప్పుకుని ఫ్యాను కింద పడుకోండి. మిద్దె మీద పడుకునేవాళ్లు పిట్టగోడకు దూరంగా పక్క వేసుకోండి, దోమతెర మరవొద్దు.

పాసైతే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నవాళ్లు ఆ మాట నిలబెట్టుకోండి, అయితే పరీక్షలన్నీ అయ్యాకే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నీడ ఉన్నా ఉక్క తప్పదు, మర్నాడు పిక్కలు పట్టేసి బెంచీలో కూర్చోలేరు. స్వామి వారం ఆగితే కోప్పడడు లెండి. వెళ్లే రోజున తెల్లారగానే బయల్దేరండి. చిరుతల వల్ల నడకదారి వేళలు మారుతుంటాయి, ముందే కనుక్కోండి.

స్నేహితుడి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఏం అడిగినా పొంతన లేకుండా చెబుతుంటే అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

టెన్షన్‌తో గుండె దడదడలాడుతూ, ఏడుపు ఆగకపోయినా, బతకాలని లేదనిపించినా దాన్ని దాచుకోవద్దు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ అడగరు. నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి, రూమ్మేట్ ఫోన్లో కూడా.