మిద్దె తోటకు తడి ఎలా ఇవ్వాలి?

కుండీల్లో కూరగాయ మొక్కలు ఎండకు మాడిపోవడం అందరికీ కనిపిస్తుంది. నీళ్లెక్కువై వేరు కుళ్లడం మాత్రం మొక్క వాలిపోయేదాకా తెలియదు. రోజూ పొద్దున్నే అన్నిటికీ మగ్గు చొప్పున పోసుకుంటూ పోయే అలవాటే దీనికి మూలం. కాయల మీదున్న వంగ తాగే నీళ్లు వేరు, నిన్న నాటిన మిరప నారు తాగేవి వేరు. అందుకని పోసే ముందు చూపుడు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. చల్లగా తగిలి మట్టి వేలికి అంటితే ఆ పూటకు వద్దు, పొడిపొడిగా రాలితే పోయండి. పైమట్టి ఎండినట్టు కనిపించడం లెక్కలోకి రాదు.

తడి నిలకడగా ఉండాలంటే కుండీ సరైనది కావాలి. టమాటా, వంగ, బెండ, మిరపకు మొక్కకు 15 నుంచి 20 లీటర్ల మట్టి కావాలి. సొర, బీర లాంటి పాదులకు 40 లీటర్లకు తగ్గొద్దు. ఆకుకూరలకు 8 అంగుళాల లోతు తొట్టి చాలు. పాత పెయింటు బకెట్టయితే అడుగున అర అంగుళం బెజ్జాలు ఐదారు పెట్టి, వాటిపై కుండపెంకులు బోర్లించండి. అడుగున కంకర పరిస్తే నీళ్లు త్వరగా దిగుతాయనేది అపోహే, మట్టికి చోటు తగ్గడం తప్ప లాభం లేదు. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బకెట్టుకు గుప్పెడు వేపపిండి కలపండి. నల్లరేగడి ఒక్కటే నింపితే తడికి జిగురై, ఎండకు నెర్రెలు బారుతుంది. పైన రెండు అంగుళాలు ఖాళీ ఉంచి, కుండీని ఇటుకల మీద ఎత్తండి. తడిసిన మట్టి లీటరుకు కిలోన్నర దాకా తూగుతుంది కాబట్టి పెద్ద కుండీలన్నీ స్లాబు నడిమధ్యలో పేర్చకుండా, గోడలూ దూలాలూ ఉన్న చోట పెట్టాలి.

ఇక నీళ్ల లెక్క. కాపు మీదున్న టమాటాకు 20 లీటర్ల బకెట్లో చలికాలం రోజు విడిచి రోజు లీటరుతో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున రెండు లీటర్లు, సాయంత్రం ఇంకో లీటరు పట్టొచ్చు. ఆ పైన మీ వేలు చెప్పిందే లెక్క. మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో కప్పి, 50 శాతం షేడ్ నెట్ కడితే వాడకం బాగా తగ్గుతుంది. కప్పిన ఆకు మొక్క మొదలుకు ఆనకూడదు, తేమకు కాండం కుళ్లుతుంది.

బాగా ఎండిపోయిన కుండీతో జాగ్రత్త. కుండీ మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లు వెంటనే పీల్చదు. కుంచించుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి బెజ్జాల్లోంచి కారిపోతాయి. మనం తడిసిందనుకుంటాం, లోపల వేరుముద్ద పొడిగానే ఉంటుంది. అర లీటరు పోసి, పది నిమిషాలాగి మిగతాది పోయండి. చిన్న కుండీనైతే నీళ్ల టబ్బులో అరగంట ఉంచితే సరిపోతుంది.

మిట్టమధ్యాహ్నం సొర, వంగ ఆకులు వేలాడితే మగ్గు పట్టుకుని పరుగెత్తకండి. ఎండ దిగాక తేరుకుంటే దాహం కాదు. పొద్దున ఏడింటికీ వాలే ఉంటే మట్టి చూడండి: పొడిగా ఉంటే నీళ్లు, తడిగా ఉంటే వేరుకుళ్లు కావచ్చు. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు మరిగి ఉంటాయి, వాటిని బకెట్లోకి వదిలేశాకే మొక్కకు పట్టండి.

టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి లోనికి గుంటపడితే అది తెగులు కాదు. ఓ రోజు ఎండగట్టి ఓ రోజు ముంచితే కాయకు కాల్షియం అందదు. గుడ్డుపెంకులు వేసినా వెంటనే ఫలితం ఉండదు, తడి సమంగా ఇస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. పండిన కాయ పగలడానికీ ఇదే కారణం.

డ్రిప్ పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. డ్రిప్పర్ మీద రాసిన గంటకు 4 లీటర్ల లెక్క 1 బార్ ఒత్తిడికి, అంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు. ట్యాంకు మట్టం డ్రిప్పర్లకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చేది గంటకు ఒకటిన్నర లీటరే. ఒత్తిడి మారినా ఒకే లెక్కన నీళ్లిచ్చే ప్రెజర్ కాంపెన్సేటింగ్ రకమైతే ఆ ఒత్తిడికి సరిగా పనిచేయదు, మామూలువే కొనండి. ట్యాంకు దగ్గర జల్లెడ ఫిల్టరు బిగించి, మొదటి డ్రిప్పర్ కిందా చివరిదాని కిందా సీసాలు పెట్టి పది నిమిషాల నీళ్లు కొలవండి. తేడా ఎక్కువుంటే పైపును రెండు వరుసలుగా విడగొట్టాలి.

బోరు నీళ్లకు మట్టి పైన తెల్లటి పొర, ఆకు అంచుల మాడు కనిపిస్తే ఉప్పు పేరుకున్నట్టే. నెలకోసారి వాన నీళ్లో నల్లా నీళ్లో కుండీ పరిమాణానికి రెట్టింపు నెమ్మదిగా పోసి, కిందికి కారనిచ్చి, తర్వాత వర్మీకంపోస్టు రెండు గుప్పెళ్లు వేయండి. ఆర్‌ఓ ఫిల్టరు బయటికి వదిలే వృథా నీళ్లు ఉప్పును ఇంకా పెంచుతాయి. ఏసీ నీళ్లు వాడొచ్చు. వానలు మొదలవగానే కుండీల కింది పళ్లేలు తీసేసి, బెజ్జాల్లో పుల్ల పెట్టి వేళ్లు అడ్డుపడ్డాయేమో చూడండి.