ప్రెయిరీ పూలలో తేనెటీగ ఏది తింటోందో కనిపెట్టడం ఎలా?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు పెరట్లో ప్రెయిరీ (అక్కడి సహజ గడ్డిమైదానం) పూలు వేస్తామంటే సంతోషమే. కానీ ప్యాకెట్ మీది బొమ్మ చూసి విత్తనాలు కొంటే కంటికి విందు దొరుకుతుంది, తేనెటీగ కడుపు నిండుతుందన్న నమ్మకం లేదు. నేను అలాగే మోసపోయాను. కొనేముందు ఒక్క పూట దాని వెనకాల తిరిగి చూడండి.

1. వేళ చూసుకుని వెళ్లండి

ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు చివరిదాకా మంచి అదను. ఎండెక్కాక, పదింటి తర్వాత బయల్దేరండి. జూన్, జూలైల్లో ప్రెయిరీ నిండా పూలుంటాయి గానీ తేనెటీగలు తక్కువ. అవి రోడ్ల పక్కన, పొలం గట్ల మీద గడ్డిలో పెరిగే తెల్ల క్లోవర్ పూలకి అతుక్కుపోయి ఉంటాయి. అందులో వింతేమీ లేదు. తేనెటీగ ఇక్కడి పురుగు కాదు, 1622లో యూరప్ నుంచి వర్జీనియాకి ఓడలో వచ్చింది. క్లోవర్ కూడా యూరప్‌దే, పాత చుట్టరికం.

ఆగస్టులో క్లోవర్ తగ్గుతుంది, సోయా పూత అయిపోతుంది. ఇక కరువే. అయోవా స్టేట్, ఇల్లినాయ్ యూనివర్సిటీల పరిశోధకులు 2019లో ఇదే చూపించారు: సోయా పొలాల పక్కన పెట్టిన తేనెటీగల పెట్టెలు ఆగస్టుదాకా బరువు పెరిగి, ఆపైన దాచుకున్న తేనెను తినేస్తూ తగ్గిపోయాయి. అప్పుడు ప్రెయిరీకి తరలించినవి మళ్లీ కోలుకున్నాయి.

2. చోటు

అయోవాలో పాత ప్రెయిరీ వెయ్యోవంతు కూడా మిగల్లేదు. ప్రెయిరీ సిటీ దగ్గరి నీల్ స్మిత్ వన్యప్రాణి రెఫ్యూజ్‌లో తిరిగి పెంచినది ఉంది. బాట దిగకండి, పూలు కోయకండి.

3. అది తేనెటీగేనా?

బొద్దుగా, బొచ్చుగా, నలుపు పసుపుల్లో ఉంటే అది బంబుల్‌బీ. గాల్లో ఒకేచోట నిలబడి, చటుక్కున పక్కకి జరిగితే ఈగ జాతిది. సన్నగా, బెల్లం రంగులో, పొట్ట మీద చారలతో ఉన్నదే మనకి కావలసింది.

4. వెనక కాళ్లు చూడండి

అసలు పని ఇదే. ఒక తేనెటీగను పట్టుకుని (కళ్లతోనే) పది పూలదాకా వెంబడించండి. మామూలుగా ఒక విడతలో ఒకే జాతి పూల మీద తిరుగుతుంది కాబట్టి తప్పిపోదు. వెనక కాళ్లకి ఆవగింజంత ముద్ద ఉంటే పుప్పొడి మోస్తోంది, అది గూట్లో పిల్లలకి పెట్టే మాంసకృత్తు. కాళ్లు ఖాళీగా ఉండి తల పువ్వులో దూర్చి ఉంటే మకరందం తాగుతోంది. ముద్ద రంగు కూడా రాసుకోండి. గోల్డెన్‌రాడ్ (పసుపు పూల ప్రెయిరీ మొక్క) మీద పసుపు.

జూలైలోనే వెళ్లాల్సి వస్తే పర్పుల్ ప్రెయిరీ క్లోవర్ దగ్గర నిలబడండి. బొటనవేలంత కంకి, దానికి కింది నుంచి పైకి ఉంగరంలా ఊదా పూలు తొడుగుతాయి. తేనెటీగ ఆ ఉంగరం చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. కాళ్ల మీద ముద్ద నారింజ రంగులో మెరుస్తుంది.

5. రాని పూలనీ లెక్కపెట్టండి

ఒక్కో మొక్క దగ్గర అయిదు నిమిషాలు. నేను మోసపోయింది వైల్డ్ బెర్గమాట్‌తో. అందమైన పువ్వు, కానీ గొట్టం లోతు. బంబుల్‌బీకి అందినంతగా తేనెటీగ నాలుకకి అందదు. పెరడంతా అదే చల్లి, బంబుల్‌బీల పెళ్లి భోజనం చూస్తూ కూర్చున్నాను.

పార్ట్రిడ్జ్ పీ దగ్గర ఇంకో తమాషా. బతుకమ్మలో పేర్చే తంగేడుకి ఇది దగ్గరి బంధువు, పువ్వూ అలాగే పసుపుపచ్చగా ఉంటుంది. పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి కావాలంటే రెక్కల కండరాలు బిగించి, జుమ్మని పువ్వును కుదపాలి. ఆ విద్య బంబుల్‌బీది, తేనెటీగకి రాదు. అయినా చెట్టు దగ్గరికి వస్తుంది. ఆకు కాడ మీద చిన్న గిన్నెలాంటి బుడిపె ఉంటుంది, అందులో ఊరే తీపి కోసం.

6. అప్పుడు విత్తనాలు

మీ లెక్కలో చివరికి మిగిలేవి బహుశా గోల్డెన్‌రాడ్, న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ జాతులే. గోల్డెన్‌రాడ్‌లో స్టిఫ్ రకం తీసుకోండి. కెనడా రకం వేళ్లతో పాకి పెరడంతా ఆక్రమిస్తుంది. నవంబరులో, నేల చల్లబడ్డాక, విత్తనాలు ఇసుకలో కలిపి గడ్డి తీసేసిన నేల మీద చల్లి కాలితో తొక్కండి. మట్టి కప్పొద్దు, చలి తగిలితేనే చాలావాటికి మొలక. మొదటేడు కలుపు మోకాలెత్తు అయినప్పుడల్లా ఆరంగుళాలకి కోసెయ్యండి. పూలు రెండో ఏడో, మూడో ఏడో.

గోల్డెన్‌రాడ్ వేస్తే తుమ్ములొస్తాయని పక్కింటివాళ్లు గొడవపెడితే చెప్పండి: అసలు దొంగ అదే రోజుల్లో పూసే ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్క, దాని పుప్పొడి గాల్లో తేలుతుంది. గోల్డెన్‌రాడ్‌ది బరువు, జిగురు. అది తేనెటీగ కాలికి అంటుకుంటుంది గానీ మనిషి ముక్కుదాకా రావడం అరుదు.