కచేరీ రికార్డింగుకు ముందు జాగ్రత్తలు

ముందుగా గాయకులనూ, సభ నిర్వాహకులనూ అడగండి. వద్దంటే రికార్డర్ సంచిలోంచి తీయకండి.

రికార్డర్‌లో ఫార్మాట్ వేవ్ (WAV), 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ పడుతుంది కనుక మూడు గంటల కచేరీకి కార్డులో 8 జీబీ ఖాళీ ఉంటే నిశ్చింత.

అన్నిటికన్నా ముఖ్యం లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా రికార్డవుతుందన్నది. ఆటో గెయిన్ (లెవెల్‌ను రికార్డరే పెంచుతూ తగ్గిస్తూ ఉండే ఏర్పాటు) తప్పక ఆపేయండి. అది పనిచేస్తుంటే ఆలాపనలో గొంతు సన్నబడినప్పుడల్లా ఫ్యాన్ల హోరు పైకొస్తుంది, మృదంగం దెబ్బ పడగానే పాట అణిగిపోతుంది. మొదటి వర్ణం విని లెవెల్ ఖాయం చేసుకోవద్దు. తని ఆవర్తనం (పాట ఆగి తాళవాద్యాలే వాయించే భాగం) చివర్లో మృదంగం, ఘటం కలిసి వాయిస్తే శబ్దం ఎంతో పెరుగుతుంది. అందుకే మొదట్లో మీటరు ముల్లు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు. తక్కువైన శబ్దాన్ని ఇంటికొచ్చాక పెంచుకోవచ్చు, పగిలినదాన్ని ఎవరూ బాగుచేయలేరు.

లో కట్ (మంద్ర శబ్దాలను తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దాటనివ్వకండి, దాటితే మృదంగం ఎడమవైపు నాదం పలచబడిపోతుంది. ఆ గాంభీర్యం లేకపోతే కచేరీ కచేరీలా ఉండదు.

స్పీకరు పెట్టెకు ఎదురుగా కూర్చోకండి. కొత్త బ్యాటరీలు వేయండి. కొన్ని రికార్డర్లలో బటన్ రెండోసారి నొక్కితేగానీ రికార్డింగ్ మొదలవదు. సమయం అంకెలు కదలడం చూశాకే హోల్డ్ (బటన్లు పొరపాటున నొక్కుకోకుండా ఆపే మీట) వేయండి.